ఆడోళ్ళ నల్లా

నల్లా కారుతుంటే చూస్తూ కూచోవడం బుచ్చవ్వ వల్ల కాలేదు. ఎవరి వల్ల అవుతుంది చెప్పండి! పొద్దున శామీర్‌పేటలో బోరింగు కాడ వంతు కోసం నిలబడి, పిడి పట్టుకుని వేలాడి వేలాడి, సగం బిందె బురద నీళ్ళు ఇంట్లో పెట్టి, ఆ మీదట కోడలినీ చంటిదాన్నీ వెంటేసుకుని ఆటోలో ఒకరి ఒళ్ళో ఒకరు కూచుని మేడ్చల్ దాకా వచ్చిన మనిషి. ఇక్కడ చూస్తే, కోల్డ్ స్టోరేజీ వెనక ఆడవాళ్ళ కోసమని పెట్టిన ఇత్తడి నల్లా మూతి నుంచి దారంలాగా నీళ్ళు. పగలూ అదే దారం, రాత్రీ అదే దారం. కింద గుంటలో నాచు పట్టి, గుంట నిండి, సర్కారు తుమ్మల దాకా పారి, అక్కడ ఎవరికీ అక్కరకు రాకుండా ఇంకిపోతున్నాయి.

"ఏందక్కా గిది? మంచి నీళ్ళు. పట్టుకునెటోళ్ళు లేరు, బంద్ జేసెటోళ్ళు లేరు," అంది దుర్గాబాయితో.

"వాషరు పోయింది. ఎంత గట్టిగ తిప్పి పోయినా తెల్లారెసరికి మల్ల గట్లనే కారుతది. చెప్పి చెప్పి మా నోర్లు నొచ్చినయి. నీకెందుకే? చేతులు కడుక్కొని రా, కుప్ప ముందర కూసో."

దుర్గాబాయి ముఠాకు పెద్ద. మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళను చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పోగేసి తెచ్చేది ఆమే. కోల్డ్ స్టోరేజీ ఆవరణలోని రేకుల షెడ్డు కింద ఎవరు ఎక్కడ కూచోవాలో, ఎవరి మాట ఎప్పుడు ఆగాలో కూడా ఆమే చెబుతుంది. బుచ్చవ్వ కొత్తగా చేరింది కాబట్టి ఎదురు మాట్లాడలేదు. ముక్కుకూ మూతికీ కొంగు బిగించి, చేతులకు ఆముదం రాసుకుని కుప్ప ముందు కూచుంది.

ఆముదం రాసుకున్నా ఎంతసేపు ఆగుతుంది? ఎడమచేత్తో కాయ పట్టి, కుడి బొటనవేలి గోరుతో తొడిమ విరిచి, కాయను ఇటు, తొడిమను అటు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గోటి సందుల్లో నిప్పు పెట్టినట్టే ఉంటుంది. గోనెసంచి దులిపినప్పుడల్లా ఎర్రటి దుమ్ము లేచి షెడ్డు షెడ్డంతా దగ్గుతుంది. అప్పుడు లేచి వెనక నల్లా దగ్గరికి పోయి, సబ్బుబిళ్ళతో మోచేతుల దాకా తోముకుని, మొహం మీద నీళ్ళు కొట్టుకుంటే ప్రాణం లేచి వస్తుంది. అందరికంటే ఎక్కువసార్లు లేచేది కోడలు కావ్య. రెండు ఇనుప స్తంభాలకు పాత చీర కట్టి తొట్టెల వేసి, పిల్లను అందులో పడుకోబెట్టింది. పిల్ల ఏడ్చిన ప్రతిసారీ నల్లా దగ్గరికి పరుగెత్తాలి, చేతులు తోముకోవాలి, వాసన చూసుకోవాలి, మళ్ళీ తోముకోవాలి. ఆ తర్వాతనే పిల్లను ఎత్తుకుంటుంది.

ఆ సాయంత్రం అందరూ దులుపుకుని లేచాక బుచ్చవ్వ వెనక్కి పోయింది. నల్లాను రెండు చేతులా పట్టి, పళ్ళు బిగించి తిప్పింది. దారం తెగి చుక్క అయింది. చుక్క కూడా ఆగింది. వదులైతే మళ్ళీ కారుతుందని, సద్దిగిన్నెకు చుట్టుకుని తెచ్చుకున్న సైకిల్ ట్యూబు పేలిక విప్పి, నల్లా పిడికీ పైపుకీ కలిపి గట్టిగా కట్టింది. గుంటలో నీళ్ళు కదలడం మానేశాయి.

"ఆగిందా?" అని కావ్య వెనక నుంచి వచ్చి చూసింది.

"ఎందుకాగదు బిడ్డా? వాషరు గీషరు ఏం లే. బద్దకం, గంతే. ఎవలి సొమ్మని కారనిస్తరు?"

దుర్గాబాయి కూడా వచ్చి చూసి, "అబ్బో, వచ్చి నాలుగు దినాలు గాలే, ఇంజినీరువైనవే," అని నవ్వింది. బుచ్చవ్వకు ఆ నవ్వు బాగానే అనిపించింది. ఇంటికి పోయి ఆ సంగతి మొగుడు గండయ్యకు కూడా చెప్పుకుంది.

తెల్లారి వచ్చేసరికి కోల్డ్ స్టోరేజీ ముందు ఒకటే గోల. చివరి గది తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపలి నుంచి పొగలాగా చలి బయటికి పొర్లుతోంది. హమాలీలు తలలకు తువ్వాళ్ళు చుట్టుకుని గడ్డపారలతో నేల మీద పొడుస్తున్నారు. పొడిచిన ప్రతిసారీ తెల్లటి మంచుపెళ్ళలు లేస్తున్నాయి. ఐస్‌క్రీం అట్టపెట్టెలు వరసకు వరస నేలకు అతుక్కుపోయాయి. ఒక పెట్టె లాగితే అడుగు అక్కడే ఉండిపోయి, డబ్బాలన్నీ కిందికి జారిపడ్డాయి.

ఆ బిల్డింగు సంగతి ఇక్కడ చెప్పాలి. ఒకప్పుడు అది నూనె మిల్లు. మిల్లు మూతబడ్డాక గోడలకు థర్మాకోల్ దిట్టంగా కొట్టి, చల్లగాలి మిషన్లు పెట్టి, కోల్డ్ స్టోరేజీ అని బోర్డు రాయించారు. మిల్లు కాలం నాటి నీళ్ళ పైపును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మిద్దె మీది ట్యాంకు నుంచి దిగి, చివరి గది కప్పు కింద ఈ గోడ నుంచి ఆ గోడకు పోయి, వెనక ఆడవాళ్ళ నల్లాలో తేలుతుంది. గదిలో చింతపండు పెట్టినన్నాళ్ళూ పైపుకు ఏ బాధా లేదు. గదిని ఐస్‌క్రీం వాళ్ళకు ఇచ్చి చలి పెంచాక, పైపులో నీళ్ళు నిలబడితే చాలు, గడ్డ కట్టేస్తాయి. గడ్డ కట్టిన నీళ్ళు ఉబ్బి పైపును చీల్చేస్తాయి. కదులుతున్న నీళ్ళు అంత తొందరగా గడ్డ కట్టవు. పైపును బయటి గోడ మీదికి మార్చాలి, లేదా దానికి ఏదైనా మందంగా చుట్టాలి. రెండూ చెయ్యలేదు. ఆడవాళ్ళ నల్లాను ఎప్పుడూ సన్నగా కారనిస్తే సరిపోతుందన్నాడు మేనేజరు గోపాలరావు. సరిపోతుందట! ఊళ్ళకు ఊళ్ళు బిందెలు పట్టుకుని రోడ్డెక్కే ఎండాకాలంలో తుమ్మచెట్లకు నీళ్ళు పోయడమే ఆయనకు తట్టిన ఉపాయం. సరే, పోనీ. ఆ మాట నల్లా దగ్గర చేతులు కడుక్కునే ఆడవాళ్ళలో ఒక్కరి చెవినైనా వెయ్యాలా వద్దా? వెయ్యలేదు. ఆడకూలీలకు చెప్పేదేమిటి అనుకున్నారు.

గోపాలరావు షెడ్డులోకి వచ్చాడు. తెల్ల చొక్కా మోచేతుల దాకా తడిసి ఉంది. చేతిలో సైకిల్ ట్యూబు పేలిక.

"ఇది ఎవరు కట్టారు?"

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బుచ్చవ్వ మాత్రం కొంగు సర్దుకుంటూ లేచి నిలబడింది. నల్లా ఆపినందుకు మెచ్చుకోవడానికే పేరడుగుతున్నాడని అనుకుంది, పిచ్చిది.

"నేనే కట్టిన సారూ. ఒకటే కారుతాంటే మనసాగలే."

"మనసాగలేదా? నీ మనసు తగలెయ్య! లోపల ఎంత సరుకు నాశనం అయిందో తెలుసా నీకు? బుద్ధీ జ్ఞానం ఉందా? ఆ కుళాయి ముట్టుకోమని ఎవరు చెప్పారు నీకు?"

బుచ్చవ్వకు మొదట అర్థం కాలేదు. ఆయన కోపం ఎందుకో, లోపలి మంచుకూ బయటి నల్లాకూ సంబంధం ఏమిటో. నల్లా ఆగడంతో రాత్రి పైపు చీలి, గదంతా నీళ్ళు పారి మంచైపోయిందని హమాలీలు చెప్పాక అర్థమైంది. అర్థమయ్యాక మొహం నల్లబడింది. కానీ తల దించలేదు.

"ముట్టుకోవద్దని గూడ ఎవలు జెప్పలే గద సారూ. నీళ్ళు కారవెట్టుమని చెప్తే కారవెడుదుము. బంద్ జేస్తె తప్పని మాకెట్ల తెలుస్తది?"

"ఎదురు సమాధానం ఒకటి!" గోపాలరావు దుర్గాబాయి వైపు తిరిగాడు. "ఇవాళ్టి నుంచి ఆడవాళ్ళకి కుళాయి లేదు. ఆ లైను కోసేసి డమ్మీ బిరడా వేయిస్తున్నాను. నీళ్ళు కావాలంటే ఈవిణ్ణి అడగండి. ఈవిడే కదా మీ ఇంజినీరు."

మిషన్లు నడిపే యాదయ్య వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. నోరు తెరవబోయి మూసుకున్నాడు. ఆ మాట వినబడగానే పనిముట్ల సంచి తీసుకుని మిద్దె మెట్లు ఎక్కాడు. కాసేపటికి వెనక నల్లా నుంచి ఒక గురక వచ్చి, అంతటితో పైపులో మిగిలిన నీళ్ళు కూడా ఆగిపోయాయి.

నల్లా పక్కనే ఆడవాళ్ళ పాయఖానా. నీళ్ళు లేకపోతే అది ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? మధ్యాహ్నానికే ఎవరూ అటు పోలేకపోయారు. తుమ్మచెట్ల చాటుకు పోదామంటే, గోడ కూలిన చోట అవతల లారీలు ఆగి ఉంటాయి. క్లీనర్లు టైర్ల మీద కూచుని బీడీలు తాగుతూ ఇటే చూస్తుంటారు. ఒకరు పోతే ఇద్దరు చీర అడ్డం పట్టుకుని నిలబడాలి. ఎండలో మిరపదుమ్ములో కూచున్నవాళ్ళు దాహమైనా నీళ్ళు తాగడం తగ్గించేశారు. తాగితే లేవాలి కదా అని. చేతుల మంట ఎవరికి వాళ్ళు గోనెసంచికి తుడుచుకున్నారు. గేటు దగ్గర మొగవాళ్ళ నల్లా ఉంది. దాని పైపు వేరే. దుర్గాబాయి నలుగురిని తీసుకుని అక్కడికి పోతే వాచ్‌మన్ అడ్డం తిరిగాడు. లారీల కాడికి ఆడోళ్ళు రావద్దని సారు చెప్పిండన్నాడు. ఆడవాళ్ళ మర్యాద మీద సారుకు అంత పట్టింపు మరి!

కావ్య తాగడానికి తెచ్చుకున్న సీసా నీళ్ళతోనే చేతులు కడుక్కుంది. సీసా ఎంతసేపు వస్తుంది? రెండోసారి పిల్ల ఏడ్చేసరికి అడుగున గుక్కెడు నీళ్ళు. ఆ గుక్కెడు పోసుకుని, సబ్బు రుద్దుకుని, కొంగుతో తుడుచుకుని పిల్లను ఎత్తుకుంది. పిల్ల రొమ్ము అందుకోబోతూ తల్లి వేలిని నోట్లో పెట్టుకుంది. అంతే, కెవ్వుమంది. ఊపిరి పట్టి, నీలంగా మారి, మళ్ళీ కెవ్వుమంది. పెదాలు ఎర్రగా పొంగాయి. ఆ చిన్న పిడికిళ్ళతో కళ్ళు నలుపుకోబోతే కావ్య ఆపలేకపోయింది. తన చేతులతో ఆపాలంటే తన చేతులకే మంట ఉంది. రెండు చేతులూ గాల్లో పెట్టుకుని తనూ ఏడవడం మొదలుపెట్టింది.

బుచ్చవ్వ సద్దిగిన్నెలో మజ్జిగ ఉంటే దానిలో కొంగు ముంచి పిల్ల పెదాలు తుడిచింది. పిల్ల వెక్కి వెక్కి నిద్రపోయింది. పాలు మాత్రం తాగలేదు.

"గిదంత నీ పుణ్యమే," అంది దుర్గాబాయి కుప్ప అవతలి నుంచి. "ఎన్నేండ్ల నుంచి కారుతున్న నల్లా. మేమంత గుడ్డోళ్ళమా? నువ్వొక్కదానివే కండ్లున్నదానివా? వచ్చుడు రాంగనే పెత్తనం. ఇగ జూడు, ఇరవై మంది ఉసురు పోసుకుంటున్నవ్."

"ఉసురు నాదా అక్కా? బంద్ జేసినోనిది గాదా?"

"నువ్వు కట్టకుంటె ఆయన బంద్ జేస్తుండెనా?"

ఆ మాటకు తక్కినవాళ్ళు కూడా తలలూపారు. మనవాళ్ళ గుణమే అంత. పైనున్నవాడు కొడితే, పక్కనున్నదాని వైపు కదా చూస్తాం. బుచ్చవ్వ తొడిమ విరిచిన ప్రతిసారీ చేతిలో ఉన్నది కాయ కాదు, ఇంకేదో అన్నట్టు విరిచింది.

మరుసటి రోజు కావ్యను వెంటపెట్టుకుని గోపాలరావు గది ముందుకు పోయింది. గదికి అద్దాల తలుపు, లోపల పూల పరదా, కూలరు. లోపలే ఆయనకు వేరుగా స్నానాలగది, అందులో తెల్లటి బేసిను. ఆయన ఫోనులో ఎవరినో దులిపేస్తున్నాడు. "ఏవిటండీ ఇది, పేట్ బషీరాబాద్‌లో మేమేం పాపం చేశాం? ట్యాంకరు పంపుతాం పంపుతాం అంటారే గానీ పంపరు. ఇంట్లో ఆడవాళ్ళు ఎన్ని అవస్థలు పడుతున్నారో తెలుసా మీకు? మనుషులేనా మీరు?"

ఫోను పెట్టేసి వాకిట్లో వీళ్ళను చూశాడు. "మళ్ళీ ఏంటి?"

"సారూ, తప్పైంది. తెల్వక జేసిన," అంది బుచ్చవ్వ. "నన్ను తిట్టుండ్రి, కొట్టుండ్రి. గీ పోరి పాలిచ్చే తల్లి సారూ. మిరప చేతులతోని పిల్లను ముట్టరాదు. నిన్నటి సంది పిల్ల పొద్దంత ఉపాసమే. పొద్దుకు రెండు బకెట్ల నీళ్ళియ్యిండ్రి, సాలు. మేమే మోసుకపోతం."

"పిల్లని ఇంట్లో పెట్టి రమ్మను. ఇది ఫ్యాక్టరీయా, బాలవాడీయా?"

"ఇంట్ల ఎవలున్నరు సారూ? మా ఆయన చెరువు కాడికి పోతడు. చేపలు దొరక్కుంటె కూలికి పోతడు."

"అయితే ఆ పిల్లని పని మానేసి ఇంట్లో కూచోమను. ఇలాంటివన్నీ చూస్తూ కూచుంటే..."

మాట సగంలో ఆగింది. లోపల స్నానాలగదిలో చుక్క పడుతోంది. టప్పు. టప్పు. గోపాలరావు చెవి అటు పోయింది. మొహం చిట్లించి లేచాడు. చెప్పులు టకటకలాడించుకుంటూ లోపలికి పోయి, బేసిను కుళాయిని గట్టిగా బిగించి, వేళ్ళు దులుపుకుంటూ వచ్చి కూచున్నాడు.

"చీ, ఎంత చెప్పినా వినరు. కట్టెయ్యకుండా వదిలేసి పోతారు. నీళ్ళు ఎంత వేస్టు!" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు.

కావ్య అత్త మొహం వైపు చూసింది. బుచ్చవ్వ ఆయన చేతుల వైపే చూస్తోంది.

"సారూ, నేను గూడ గిదే జేసిన."

"ఏంటి?"

"మీరు ఇప్పుడేం జేసిండ్రో, నేను గూడ గదే జేసిన. నీళ్ళు కారుతున్నయని బంద్ జేసిన. మీది మీకు బుద్ధి అయింది. నాది తప్పెట్లయింది సారూ?"

గోపాలరావు మొహం ఎర్రబడింది. మంచి మనిషి అయితే అక్కడే నవ్వేసి, పో, పైపు వేయిస్తాలే అనేవాడు. ఈయన బల్ల మీద అరచేత్తో కొట్టాడు.

"అదీ ఇదీ ఒకటేనా? నాకు చెప్పొచ్చావా నువ్వు? పో బయటికి! ఇంకోసారి ఈ వాకిట్లో కనిపించావంటే ఇద్దర్నీ గేటు బయట నిలబెట్టిస్తాను."

బయటికి వచ్చాక మిషన్ల గది దగ్గర యాదయ్య పిలిచాడు. చుట్టూ చూసుకుని మెల్లగా చెప్పాడు. "అవ్వా, ఒక మాట. ఆ నల్లా దానంతట అది కారలే. రోజు మీరు పోయినంక నేనే వచ్చి సన్నగ తిప్పి పోత. ఆ దినం మా బామ్మర్ది ఇంట్ల దావత్ ఉండె. జల్దీ పోయిన. వచ్చి చూసుంటె రబ్బరు ఇప్పెటోన్ని."

బుచ్చవ్వ నిలువునా ఆగిపోయింది. "గట్లనా? మరి నిన్న ఆయన నన్ను గంగిరెద్దు తీరు నిలవెట్టి తిడుతుంటె, నీ నోట్ల ఏముండె?"

"నౌకరి పోతదవ్వా. పిల్లలున్నరు."

"నా కోడలికి లేదా పిల్ల?" గట్టిగానే అంది. "తిప్పుతున్నోనివి, మాకొక్క మాట చెప్తె నీ సొమ్మేం పోవు? వాషరు పోయిందని మేమనుకుంటాంటె ఇని నవ్వుకున్నవా?"

"ఆడోళ్ళకు ఏం జెప్పాలె అనుకున్న," అని యాదయ్య నేల చూశాడు. "పైపు బయటి గోడ మీద నుంచి గుంజుదామని పోయినేడు నుంచి అడుగుతున్న. సారు సూద్దాం సూద్దాం అంటడు. పైపు సామాను గూడ తెచ్చి స్టోర్ల పడేసి ఉన్నది. ఒక్క పూట పని."

ఒక్క పూట పని! సామాను స్టోరులో ఉంది. పని చేసేవాడు ఇక్కడ ఉన్నాడు. నీళ్ళు మిద్దె మీద ఉన్నాయి. అయినా ఒక చంటిపిల్ల పొద్దంతా ఆకలికి ఏడవాలి. ఎందుకంటే ఒకాయనకు కోపం వచ్చింది కాబట్టి. బుచ్చవ్వ షెడ్డుకు తిరిగి వచ్చింది. ఆ రోజు కూడా పిల్ల మజ్జిగ నీళ్ళతోనే గడిపింది. సాయంత్రం ఆటోలో కావ్య రవికె పాలతో తడిసి, సలపరంతో మూలుగుతూ, "ఇగ రేపటి నుంచి నేను రాను అత్తమ్మా," అంది.

తెల్లారి కావ్య వచ్చింది. రాక ఏం చేస్తుంది? ఎండ ముదిరేసరికి పిల్ల లేచింది. ఈసారి ఏడుపు గట్టిగా కూడా లేదు, నీరసంగా, పిల్లికూనలాగా. కావ్య చేతులు అలాగే పైకి పట్టుకుని అత్త వైపు చూసింది. షెడ్డులో ఆడవాళ్ళు కాయలు విరవడం ఆపేశారు. ఎవరూ ఎవరినీ చూడటం లేదు.

బుచ్చవ్వ లేచింది. తన చేతులు మిరప చేతులే కాబట్టి పిల్లను తాకలేదు. తొట్టెల చీర మూటను మూటగా విప్పి, పిల్లను అందులోనే ఉంచి భుజానికి తగిలించుకుంది.

"లే బిడ్డా."

"ఏడికి అత్తమ్మా?"

"నీళ్ళున్న కాడికి."

హమాలీలు చూస్తుండగా, వాచ్‌మన్ "ఓ అవ్వా, ఓ అవ్వా" అంటుండగా, ఇద్దరూ నేరుగా మేనేజరు గదికి నడిచారు. గోపాలరావు చివరి గది దగ్గర ఐస్‌క్రీం వాళ్ళతో మాట్లాడుతున్నాడు. గది ఖాళీ. బుచ్చవ్వ అద్దాల తలుపు మోచేత్తో తోసి, కావ్యను స్నానాలగదిలోకి పంపింది. బేసిను కుళాయి తిప్పిన చప్పుడు, సబ్బు జారిన చప్పుడు, కావ్య "అబ్బా" అన్న చప్పుడు బయటికే వినిపించాయి. చాలాసేపు తోముకుంది. తర్వాత బుచ్చవ్వ కూడా తోముకుంది. అప్పుడు పిల్లను తీసి కోడలి చేతికిచ్చి, గదిలో ఉన్న పెద్ద కుర్చీ చూపించింది. కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ, వీపుకు తువ్వాలు వేసింది.

"సారు కుర్చీ అత్తమ్మా!"

"కుర్సీనే గద. కూసో. వీపు ఆనుకో."

కావ్య బెరుకుబెరుకుగా కూచుంది. కూలరు గాలికి పరదా ఊగింది. బుచ్చవ్వ పరదా సర్ది, తను గడప మీద బైఠాయించింది, కాళ్ళు బారజాపుకుని, కొంగు నడుముకు దోపుకుని.

గోపాలరావు పరుగులాంటి నడకతో వచ్చాడు. "ఏయ్! ఎవరు రమ్మన్నారు లోపలికి? లే ముందు!"

"ఆగుండ్రి సారూ. లోపల పిల్ల పాలు తాగుతాంది."

ముందుకు వేసిన అడుగు అక్కడే ఆగింది. చెయ్యి తలుపు దాకా పోయి వెనక్కి వచ్చింది. పాలిచ్చే ఆడమనిషి ఉన్న గదిలోకి ఎలా పోతాడు? పోతే లోకం ఏమంటుంది, వెనక నిలబడ్డ ఐస్‌క్రీం వాళ్ళు ఏమనుకుంటారు, ఇంటికి పోయి పెళ్ళానికి ఏ మొహం చూపిస్తాడు? మూడు రోజులుగా తన తలపుకే రాని ఆ పిల్ల పాలు ఇప్పుడు గోడలాగా అడ్డం నిలబడ్డాయి. వాచ్‌మన్‌ను పిలిచాడు. వాచ్‌మన్ తల అడ్డంగా ఊపి దూరం జరిగాడు.

"దుర్గాబాయ్! నువ్వు పోయి ఆ పిల్లని బయటికి తీసుకురా. ముఠా పెద్దవి కదా, చెప్పు వాళ్ళకి!"

దుర్గాబాయి వచ్చింది. ఆమె వెనక షెడ్డులోని ఆడవాళ్ళందరూ వచ్చారు, ముక్కులకు కట్టుకున్న కొంగులు విప్పకుండానే. దుర్గాబాయి గడప దగ్గర ఆగి బుచ్చవ్వను చూసింది. బుచ్చవ్వ జరగలేదు, చూపు కూడా తిప్పలేదు.

"జర దారియ్యి," అంది దుర్గాబాయి.

బుచ్చవ్వ కాళ్ళు ముడుచుకుంది. దుర్గాబాయి పరదా తీసి లోపలికి పోయింది. గోపాలరావు రుమాలుతో మెడ తుడుచుకుంటూ ఎదురుచూశాడు. లోపల కుళాయి తిరిగింది. నీళ్ళు పడుతున్నాయి. ముక్కు చీదిన చప్పుడు, మొహం మీద నీళ్ళు కొట్టుకున్న చప్పుడు. ఎంతకీ బయటికి రాలేదు.

"ఏమైంది? దుర్గాబాయ్!"

"కడుక్కుంటున్న సారూ," అని లోపలి నుంచి జవాబు. ఆ వెంటనే, "రాండ్రే, సబ్బు మస్తున్నది. ఒకలెంక ఒకలు రాండ్రి."

ఒకరి వెనక ఒకరు పోయారు. బుచ్చవ్వ ప్రతి ఒక్కరికీ కాళ్ళు ముడుచుకుంది, పోయాక మళ్ళీ జాపుకుంది. గది బయట ఎండ సిమెంటు మీద పడి కొడుతోంది. గోపాలరావుకు నిలబడటానికి నీడ లేదు. ఐస్‌క్రీం వాళ్ళు దగ్గరికి వచ్చి సంగతేమిటని అడిగితే ఏమీ లేదన్నాడు. అప్పుడే లోపల బల్ల మీద ఫోను మోగింది. మోగి మోగి ఆగింది. వెంటనే మళ్ళీ మోగింది.

"అది ఓనరు సేటు గారి ఫోను," అన్నాడు గోపాలరావు. గొంతులో ఇందాకటి జోరు లేదు. "నేను ఎత్తాలి. అమ్మా, కాస్త ఆ పిల్లని..."

అమ్మా అన్నాడు. బుచ్చవ్వ విన్నది. విన్నట్టు కనిపించలేదు.

"మాకు నల్లా గావాలె సారూ."

"సరే, వేయిస్తాను. రేపు చూద్దాం, లే."

"యాదయ్య పోయినేడు నుంచి రేపు అన్న మాటే ఇంటుండు."

గోపాలరావు గిర్రున తిరిగి యాదయ్య వైపు చూశాడు. యాదయ్య మిషన్ల గది వాకిట్లో ఉన్నాడు. ఈసారి నేల చూడలేదు. "ఔ సార్, అడుగుతనే ఉన్న. ఆ దినం నల్లా తిప్పకుండ పోయింది గూడ నేనే. అవ్వ తప్పేం లే," అన్నాడు అందరికీ వినబడేట్టు. "సామాను స్టోర్ల ఉన్నది. మీరు ఊ అంటె ఇప్పుడే బయటి గోడ మీద నుంచి గుంజుత."

ఫోను మూడోసారి మోగడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళ చెంపల మీద నుంచి, మోచేతుల మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎవరూ తుడుచుకోవడం లేదు.

"పో," అన్నాడు గోపాలరావు. "పోయి గుంజు. త్వరగా."

యాదయ్య నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. ఇద్దరు హమాలీలు పైపులు పట్టుకుని వెనక నడిచారు. గోపాలరావు బుచ్చవ్వ వైపు తిరిగి, చెయ్యి చాపి గది చూపించాడు.

"చెప్పాను కదా. ఇంక లేస్తారా?"

బుచ్చవ్వ పరదా అంచు కొంచెం తొలగించి లోపలికి తొంగిచూసింది. మళ్ళీ మూసి, గడప మీద ఇంకా నిమ్మళంగా సర్దుకుంది.

"పిల్ల ఇంకా ఒక్క దిక్కే తాగింది సారూ," అంది. "రెండో దిక్కు ఇప్పుడే వట్టింది."